హ్యాండ్ బ్రేక్: చేత్తో లాగిన బలం ఎక్కడ పోతోంది?

ఇంట్లో కట్టుకున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో హ్యాండ్ బ్రేక్ పని చివరికి మిగిలిపోతుంది. ఇంజన్, గేరుబాక్సు, సైలెన్సర్ పైపు ఎక్కేశాక మిగిలిన సందులో కేబుల్ దూరుస్తారు. అందుకే వచ్చే ప్రశ్నలూ దాని మీదే ఎక్కువ. ఈసారి శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: ఖాళీగా 600 కిలోలుండే కారు కట్టాను. వెనక డిస్కులు, క్యాలిపర్లు (ప్యాడ్లతో డిస్కును నొక్కి పట్టే భాగాలు), హ్యాండ్ బ్రేక్ లివర్ ఒక పాత సెడాన్‌వి. లివర్ రాచెట్ (లాగిన చోటే లివర్‌ను పట్టి ఉంచే పళ్ల పట్టీ) చివరి పన్ను దాకా వచ్చేస్తోంది, అయినా కాస్త వాలు ఉంటే బండి జారుతోంది. కేబుల్ ఎంత బిగించినా రెండు రోజులకు మళ్లీ అంతే. సెడాన్‌లో ఇవే భాగాలు దీనికి రెట్టింపు బరువును ఆపేవి కదా?

జవాబు: కేబుల్ బిగించడమే ఇక్కడ అసలు జబ్బు. ఎందుకో చూసే ముందు ఎంత బలం కావాలో లెక్క కట్టుకుందాం.

ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 13-హెచ్ ప్రకారం పార్కింగ్ బ్రేకు నిండు బరువుతో ఉన్న కారును 20 శాతం వాలు మీద ఆపాలి. లివర్ మీద చేతి బలం 400 న్యూటన్లు, అంటే దాదాపు 40 కిలోలు దాటకూడదు. ఇద్దరు కూర్చుంటే మీ కారు 750 కిలోలు అనుకుందాం. 20 శాతం వాలు మీద దాన్ని కిందికి లాగే బలం 147 కిలోలు. టైరు వ్యాసార్ధం 29 సెం.మీ., ప్యాడు డిస్కును పట్టే చోటు ఇరుసు నుంచి 10 సెం.మీ. అయితే డిస్కుల దగ్గర 426 కిలోల ఘర్షణ కావాలి, ఒక్కో చక్రానికి 213. డిస్కుకు రెండు ముఖాలు, ప్యాడు ఘర్షణ గుణకం 0.35. అంటే ఒక్కో క్యాలిపర్ డిస్కును సుమారు 305 కిలోల బలంతో నొక్కాలి.

ఇప్పుడు లివర్ వైపు నుంచి రండి. పిడి మధ్య నుంచి పివట్ (లివర్ తిరిగే కేంద్రం) దాకా 300 మి.మీ., పివట్ నుంచి కేబుల్ తగిలించే పిన్ దాకా 45 మి.మీ. ఉంటే 6.7 రెట్లు. 40 కిలోలతో లాగితే 267 కిలోలు. అది రెండు చక్రాలకు పంచుకుంటే 133. కేబుల్ ఘర్షణలో పావు వంతు పోతే క్యాలిపర్ చేయి (కేబుల్ లాగే చిన్న లివర్) దగ్గరికి చేరేది 100. అక్కడి నుంచి 305 కావాలంటే క్యాలిపర్ లోపలి యంత్రాంగం మూడు రెట్లు చేస్తే చాలు. 20 కిలోలతో సుఖంగా లాగాలంటే ఆరు రెట్లు. ఈ పని కోసమే చేసిన క్యాలిపర్‌కు ఇది పెద్ద విషయం కాదు. కాబట్టి మీ దగ్గర బలానికి కొరత లేదు. కొరత కదలికకు.

అదే లివర్ 40 డిగ్రీలు లేస్తే కేబుల్ కదిలేది 31 మి.మీ. మాత్రమే. ఔటర్ (కేబుల్ పై గొట్టం, లోపలి వైరు ఇన్నర్) ఆనే బ్రాకెట్లు మూడు చోట్ల మూడేసి మి.మీ. వంగాయంటే 9 మి.మీ. అక్కడే ఖర్చు. ఔటర్ నొక్కుకుపోవడం, పిన్నుల రంధ్రాల లూజు కలిపితే ఇంకో 5. ప్యాడు డిస్కుకు దూరంగా ఉంటే మిగిలిన 17 మి.మీ. ఆ దూరం దాటడానికే సరిపోతాయి. లివర్ పైకి వచ్చేసినా ప్యాడ్లు ఇంకా పట్టుకోవు.

ప్యాడు దూరంగా ఎందుకు ఉంటుంది? మీ క్యాలిపర్ లోపల ప్యాడు అరిగే కొద్దీ తనంతట తాను సర్దుకునే స్క్రూ ఉంటుంది. హ్యాండ్ బ్రేక్ చేయి పూర్తిగా వెనక్కి వెళ్లి తన ఆపుకు, అంటే ఇక వెనక్కి పోనివ్వని చోటుకు, ఆనితేనే అది పని చేస్తుంది. కేబుల్ బిగించి మీరు ఆ చేతిని ఆపు నుంచి లేపేశారు. అప్పటి నుంచి సర్దుబాటు ఆగిపోయింది. ప్యాడు అరిగిన కొద్దీ సందు పెరుగుతుంది, మీరు మళ్లీ బిగిస్తారు, చేయి ఇంకాస్త లేస్తుంది. వెనక డ్రమ్ములున్న కార్లలోనూ ఇదే కథ: కేబుల్ టైటైతే లోపలి లివర్ షూలను వాటి ఆనికల మీద కూర్చోనివ్వదు.

కాబట్టి పని చక్రం దగ్గర మొదలుపెట్టి లివర్ వైపు రావాలి. ముందు చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద ఎత్తండి. లివర్ పూర్తిగా దించి, అడ్జస్టరు వదులు చేసి, రెండు క్యాలిపర్ల దగ్గరా కేబుల్ ఊడదీయండి. చేయి వేలితో తోస్తే ఆపు దాకా వెళ్లి ఆనాలి. వెళ్లకపోతే రిటర్న్ స్ప్రింగు విరిగిందో, షాఫ్టు తుప్పు పట్టిందో చూడండి. అది సరిచేయకుండా ముందుకు వెళ్లి లాభం లేదు. తర్వాత బ్రేక్ పెడల్ ముప్పై నలభై సార్లు గట్టిగా తొక్కండి. కొన్ని రకాల్లో సర్దుబాటు పెడల్‌తో కాక చేయి కదిలిస్తేనే జరుగుతుంది, అందుకని స్పానర్‌తో చేతిని కూడా ఇరవై సార్లు ఆడించండి. చక్రం తిప్పితే ప్యాడు సన్నగా రాసుకుంటున్న చప్పుడు రావాలి. డ్రమ్ములైతే అడ్జస్టరును చక్రం ఆగేదాకా బిగించి, స్వేచ్ఛగా తిరిగేదాకా వెనక్కి తిప్పండి.

ఆ తర్వాతే కేబుల్ తగిలించాలి. ఊగులాట మాత్రం తీయండి, చేయి ఆపు నుంచి వెంట్రుకవాసి కూడా లేవకూడదు. లివర్‌ను పదిసార్లు బలంగా లాగి వదిలితే ఔటర్ చివరలు తమ గూళ్లలో కూర్చుంటాయి. మళ్లీ ఒకసారి ఊగులాట తీసి లాక్ నట్ వేయండి. మూడో క్లిక్కుకు చక్రం బరువెక్కి, ఐదు నుంచి ఏడు లోపు పూర్తిగా ఆగితే పని అయినట్టు. ఏడు దాటితే మళ్లీ కేబుల్ జోలికి వెళ్లకండి, వంగుతున్న బ్రాకెట్ ఏదో వెతకండి.

ప్రశ్న: సస్పెన్షన్‌కు తగలకుండా వెనక క్యాలిపర్లను ఇరుసుకు ముందు వైపు నుంచి వెనక వైపుకు మార్చాను. చేయి సరైన దిశలో ఉండాలని కుడిది కుడికే, ఎడమది ఎడమకే వేశాను. ఇప్పుడు పెడల్ స్పాంజిలా ఉంది.

జవాబు: బ్లీడ్ నిపుల్ (బ్రేకు ద్రవంలోని గాలిని బయటికి వదిలే మర) ఎటుందో చూడండి, కిందికి వచ్చి ఉంటుంది. గాలి పైకి పోతుంది, నిపుల్ కింద ఉంటే ఎన్నిసార్లు బ్లీడ్ చేసినా పిస్టన్ వెనక బుడగ మిగులుతుంది. నిపుల్ పైన ఉండాలన్నది రాజీ లేని నియమం. చేయి దిశ కేబుల్ దారి మార్చి సరిచేసుకోవచ్చు. తాత్కాలికంగా అయితే క్యాలిపర్‌ను బోల్టుల నుంచి విప్పి, ప్యాడ్ల మధ్య డిస్కు మందం ఉన్న చెక్క ముక్క పెట్టి, నిపుల్ పైకి వచ్చేలా పట్టుకుని బ్లీడ్ చేసి తిరిగి బిగించవచ్చు. ప్రతిసారీ అదే తంటా పడాలి.

ప్రశ్న: సెడాన్ కేబులే వాడితే 30 సెం.మీ. ఎక్కువ వస్తోంది. చుట్ట తిప్పి కట్టేయవచ్చా, లేక కొత్తది చేయించాలా? చేయిస్తే కొలతలు ఎలా ఇవ్వాలి?

జవాబు: చుట్ట తిప్పకండి. కేబుల్‌లో పోయే బలం దాని పొడవును బట్టి కాదు, మొత్తం ఎన్ని డిగ్రీలు తిరిగిందన్న దాన్ని బట్టి ఉంటుంది. లోపలి ప్లాస్టిక్ పూతతో ఘర్షణ గుణకం 0.1 అనుకుంటే, 100 కిలోలు లాగినప్పుడు 90 డిగ్రీల మలుపు దాటి వచ్చేది 85, 180 డిగ్రీలు దాటితే 73, 270 దాటితే 62. ఒక పూర్తి చుట్ట అంటే 360 డిగ్రీలు, సగమే మిగులుతుంది. కేబుల్ తుప్పు పట్టి గుణకం 0.25కు పెరిగితే 180 డిగ్రీలకే సగం కన్నా ఎక్కువ పోతుంది. చాలామంది మలుపును వెడల్పుగా తిప్పితే ఘర్షణ తగ్గుతుందనుకుంటారు. వంపు పెద్దదైతే వైరు, పూత ఎక్కువ కాలం మన్నుతాయి, అందుకు 10 సెం.మీ. వ్యాసార్ధానికి తగ్గకుండా చూడాల్సిందే. కానీ తిరిగే డిగ్రీలు అవే అయితే బలం నష్టమూ దాదాపు అంతే.

దారి ముందు నిర్ణయించండి. సైకిల్ బ్రేకు ఔటర్ ముక్క తీసుకుని లివర్ నుంచి క్యాలిపర్ దాకా పరచి, అక్కడక్కడ ప్లాస్టిక్ టైలతో కట్టండి. స్ప్రింగులు తీసేసి సస్పెన్షన్‌ను పూర్తిగా కిందికి, తర్వాత పూర్తిగా పైకి తీసుకెళ్లి చూడండి. ఎక్కడా ఔటర్ బిగుసుకోకూడదు, టైరుకు తగలకూడదు. సస్పెన్షన్ చేతులు చాసిస్‌కు కలిసే పివట్ దగ్గరగా దారి పెడితే కదలిక అతి తక్కువ. సైలెన్సర్ పైపుకు 5 సెం.మీ. దూరం ఉంచండి, కుదరకపోతే మధ్యలో రేకు అడ్డం పెట్టండి. లోపలి పూత కరిగితే వైరు అక్కడే అతుక్కుంటుంది.

దారి నచ్చాక కొలతలు మూడు: ఔటర్ పొడవు, అంటే ఒక ఆనిక నుంచి రెండో ఆనిక దాకా; లివర్ దించి, క్యాలిపర్ చేయి ఆపుకు ఆని ఉన్నప్పుడు పిన్ నుంచి పిన్‌కు ఇన్నర్ మొత్తం పొడవు; రెండు చివర్ల బిగింపు రకం. అడ్జస్టరు 40 మి.మీ. మరతో ఉంచుకోండి. కొత్తగా బిగించినప్పుడు అందులో మూడో వంతుకు మించి వాడకంలో ఉండకూడదు, మిగతాది ఔటర్ సర్దుకునే కొద్దీ కావాలి.

ఇన్నర్‌కు 3 మి.మీ. స్టీలు తాడు సరిపోతుంది, అది తెగే బలం సుమారు 500 కిలోలు. తెగేది వైరు కాదు, చివరి బిగింపు. చివరలు ప్రెస్సుతో నొక్కించినవే కావాలి. టంకం వేసిన నిపుల్, స్క్రూతో నొక్కే బిళ్ల మోటార్ సైకిల్ క్లచ్చికి చాలు, 130 కిలోల లాగుడుకు చాలవు. ఫోర్కులోని పిన్‌కు స్ప్లిట్ పిన్ వేయడం మరవకండి. పూత ఉన్న కేబుల్‌లో గ్రీజు కూరవద్దు, దుమ్ము పట్టి ముద్ద కడుతుంది.

ప్రశ్న: వెనక నాలుగు పిస్టన్ల రేసింగ్ క్యాలిపర్లు వేశాను. వాటికి హ్యాండ్ బ్రేక్ లేదు. పైపు మధ్యలో హైడ్రాలిక్ హ్యాండ్ బ్రేక్ పెడితే కేబుల్ బాధే ఉండదు కదా?

జవాబు: బండిని మలుపులో తిప్పడానికి అది పనికొస్తుంది, నిలిపి వెళ్లడానికి పనికిరాదు. నిలిపిన బ్రేకు గంటల తరబడి పట్టుకోవాలి. ద్రవం వేడెక్కి ఉన్నప్పుడు లాగితే, చల్లబడే కొద్దీ కుంచించుకుని ఒత్తిడి పడిపోతుంది. సీలు దగ్గర చుక్క కారినా అంతే. పైగా బ్రేకు ద్రవం కారి పెడల్ పని చేయని రోజు హ్యాండ్ బ్రేక్ కూడా ఉండదు, రెండింటికీ అదే పైపు. లివర్‌కు రాచెట్ పెట్టినా అది పట్టేది లివర్‌ను, ప్యాడును కాదు. ముందు చెప్పిన నిబంధన కూడా పార్కింగ్ బ్రేకును పూర్తిగా యాంత్రికంగానే బిగించి ఉంచాలంటుంది.

మీకున్న దారి కేబుల్‌తో పని చేసే చిన్న యాంత్రిక క్యాలిపర్లు రెండు, అదే డిస్కు మీద మరో చోట. బ్రాకెట్ 8 మి.మీ. స్టీలు ప్లేటుకు తగ్గకుండా, అప్‌రైట్‌కు (చక్రపు బేరింగును మోసే భాగానికి) రెండు బోల్టులతో. డిస్కుకు సరిగ్గా మధ్యలో కూర్చోకపోతే ఒక ప్యాడే పట్టి మిగతా బలం డిస్కును వంచడానికి పోతుంది, 0.5 మి.మీ. షిమ్ములతో (పలచటి బిళ్లలతో) సరిచేయండి. ఈ రకంలో చాలావాటికి తనంతట సర్దుకోవడం ఉండదు. రెండు వైపులా కలిపి అర మి.మీ. సందు ఉంచి, నెలకోసారి ఫీలర్ గేజితో చూసుకోవాలి.

మోటారుతో నడిచే కొత్త తరం క్యాలిపర్లు అమర్చాలని కూడా కొందరు అడిగారు. ప్యాడు బిగిసినప్పుడు పెరిగే కరెంటును చూసి మోటారును ఆపే కంట్రోలర్ ఉంటే సరే. ఉత్త స్విచ్చుతో తిప్పితే లోపలి గేర్లు విరుగుతాయి.

ప్రశ్న: ఒక చక్రమే పడుతోంది, రెండోది తిరుగుతోంది. లివర్ కింద రెండు కేబుళ్లనూ ఒకే బోల్టుకు బిగించాను.

జవాబు: ఆ బోల్టే కారణం. రెండింటిలో కాస్త పొట్టిగా ఉన్నది మొదట బిగుసుకుంటుంది, ఆ తర్వాత లివర్ కదలదు, రెండోదానికి ఏమీ అందదు. ఇవాళ సమంగా సర్దినా ప్యాడ్లు సమంగా అరగవు. మధ్యలో లాగుడును సమంగా పంచే ఈక్వలైజర్ ఉండాలి: 60 మి.మీ. పొడవు, 5 మి.మీ. మందం స్టీలు పట్టీ, మధ్య రంధ్రం లివర్ కడ్డీకి, చివరి రంధ్రాలు చెరో కేబుల్‌కు. మధ్య పిన్ మీద అది అటూ ఇటూ స్వేచ్ఛగా ఊగాలి. నట్ బిగించేసి ఊగకుండా చేస్తే ఉన్నా లేనట్టే. ఒకే కేబుల్ వెనక నుంచి వచ్చి చక్రపు గాడిలో తిరిగి రెండో వైపుకు వెళ్లే పద్ధతీ మంచిదే, గాడిలో గ్రీజు ఎండిపోకుండా చూడాలి. లాగినప్పుడు పట్టీ 15 డిగ్రీలకు మించి వాలిందంటే ఒక వైపు కేబుల్ పట్టేస్తోందన్న మాట, దాన్ని ఊడదీసి చేత్తో ఆడించి చూడండి.

ప్రశ్న: వేగంగా నడిపి వచ్చి ఆపినప్పుడు గట్టిగానే పట్టింది. పావుగంటకు బండి దానంతట అది కదిలింది.

జవాబు: వేడి డిస్కు లావుగా ఉంటుంది. చల్లబడి సన్నబడితే ప్యాడు పట్టు సడలుతుంది. లివర్ కదలికలో మిగులు తక్కువ ఉన్న కార్లలో ఇది బాగా తెలుస్తుంది. వేడిగా ఆపినప్పుడు ఒక పన్ను ఎక్కువ లాగండి, గేరులో ఉంచండి, పది నిమిషాలకు మళ్లీ ఒకసారి లాగండి.

ప్రశ్న: ప్రొపెల్లర్ షాఫ్టు (గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు శక్తి తెచ్చే కడ్డీ) మీద ఒక్క డిస్కు పెడితే ఒకే కేబుల్‌తో పోతుంది కదా?

జవాబు: పోతుంది. పాత ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కు అలాంటిదే, కాకపోతే డ్రమ్ముతో, ఉండేది. డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె) నిష్పత్తి 3.9 అయితే కావలసిన టార్క్ కూడా అన్ని రెట్లు తగ్గుతుంది. కానీ మామూలు డిఫరెన్షియల్‌తో ఒక వెనక చక్రాన్ని జాకీ మీద లేపిన క్షణమే బ్రేకు లేనట్టే: లేచిన చక్రం వెనక్కి తిరుగుతుంది, నేల మీది చక్రం ముందుకు దొర్లుతుంది. ఒక సగం షాఫ్టు విరిగినా అంతే. నడుస్తున్నప్పుడు లాగితే గేర్ల పళ్ల మీద దెబ్బ పడుతుంది. తేలిక కారుకు ఇంత తెచ్చిపెట్టుకోనక్కర్లేదు.

ప్రశ్న: టన్నెల్ (సీట్ల మధ్య ఉబ్బెత్తు భాగం) 1.5 మి.మీ. అల్యూమినియం రేకు. లివర్ లాగితే రేకు పైకి ఉబ్బుతోంది. లోపల వాషర్లు పెద్దవి వేస్తే చాలా? అలాగే ఫ్లై-ఆఫ్ లివర్ మంచిదంటారా?

జవాబు: వాషర్లు చాలవు. గట్టిగా లాగినప్పుడు కేబుల్‌లో 267 కిలోలు ఉంటుందని పైన చూశాం, అదంతా ఆ రెండు బోల్టుల మీదే. లివర్ అడుగున 3 మి.మీ. స్టీలు ప్లేటు, దానికి రెండు వైపులా చాసిస్ గొట్టాల దాకా 25 మి.మీ. కోణపు కడ్డీ వెల్డింగు చేసి, 8.8 గ్రేడు ఎం8 బోల్టులు, నైలాన్ నట్లతో బిగించండి. రేకు పైన మూతగా మాత్రమే ఉండాలి. లివర్ అడుగూ, ఔటర్ ఆనే బ్రాకెట్టూ రెండూ చాసిస్‌నే పట్టుకోవాలన్నది ముఖ్యం. ఎందుకంటే ఇన్నర్‌ను ఎంత లాగుతామో ఔటర్ తన ఆనికను అంతే నెడుతుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు బ్రాకెట్ పక్కన స్కేలు పట్టుకుని చూడండి, 1 మి.మీ. దాటి కదలకూడదు. పనిలో పని, బాగా లాగిన స్థితిలో కేబుల్‌కూ క్యాలిపర్ చేతికీ మధ్య కోణం చూడండి. 90 డిగ్రీలకు దగ్గరగా ఉంటే మేలు, 45 అయితే దాదాపు 30 శాతం బలం అక్కడే పోతుంది.

ఫ్లై-ఆఫ్ లివర్ తలకిందుల పద్ధతి: మామూలుగా లాగి వదిలితే కిందికి పోతుంది, బొత్తాం నొక్కితేనే పన్ను పడుతుంది. పోటీల్లో ఉపయోగం. రోడ్డు మీద వేరేవాళ్లు మీ కారు ఆపితే మాత్రం బ్రేకు వేశామనుకుని దిగిపోతారు. రోజువారీ కారుకు మామూలు రాచెట్టే నయం.

ప్రశ్న: 20 శాతం వాలు ఎక్కడా దొరకదు. పరీక్ష చేసేదెలా?

జవాబు: వాలు అక్కర్లేదు, మీటరు పొడవు గొట్టం చాలు. ముందు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టి, వెనక భాగాన్ని స్టాండ్ల మీద ఎత్తి గేరు న్యూట్రల్‌లో ఉంచండి. గొట్టాన్ని చక్రపు రెండు నట్ల కింద బిగించండి, ఇరుసు మధ్య నుంచి సరిగ్గా మీటరు అడ్డంగా బయటికి రావాలి. లివర్ పిడి మధ్యన స్ప్రింగు త్రాసు తగిలించి, లివర్‌కు లంబంగా 40 కిలోలు చూపేదాకా లాగి పన్ను పడనివ్వండి. ఇప్పుడు గొట్టం చివర బరువు వేలాడదీయండి. 750 కిలోల కారుకు, 29 సెం.మీ. టైరు వ్యాసార్ధానికి ఒక్కో చక్రం 21 కిలోలు మోయాలి. 25 మోస్తే నిశ్చింత. గొట్టం బరువులో సగం కూడా ఇందులో కలిపి లెక్కపెట్టండి, 4 కిలోల గొట్టం అంటే అదే 2 కిలోలు.

గొట్టాన్ని ముందు వైపుకూ వెనక వైపుకూ తిప్పి రెండు దిశల్లో చూడండి, బండి ముక్కు పైకి ఉన్నా కిందికి ఉన్నా ఆగాలి కదా. కుడి ఎడమల మధ్య తేడా ఐదో వంతు దాటితే తక్కువ మోసిన వైపు కేబుల్‌ను అనుమానించండి. రెండూ సమంగానే ఉండి 21కి చేరకపోతే ప్యాడ్లు ఇంకా కుదురుకోలేదేమో. డిస్కు లోపల చిన్న డ్రమ్ము ఉండే రకంలో ఇది తరచూ జరుగుతుంది, ఆ షూలు నడుస్తున్నప్పుడు ఎప్పుడూ వాడకంలో ఉండవు. ఖాళీ రోడ్డు మీద 40 కి.మీ. వేగంలో బొత్తాం నొక్కి పట్టుకునే, సన్నగా అడ్డు తెలిసేంత మాత్రం లాగి 300 మీటర్లు పోనివ్వండి. డ్రమ్ము చల్లారాక ఇంకోసారి. తర్వాత కేబుల్ ఊడదీసి, మొదటి జవాబులోని క్రమంలో మళ్లీ సర్ది, గొట్టం పరీక్ష చేయండి.